బుట్టపేరు

నా అక్క మనవరాలు మా నాన్న బుట్టపేరును గోడ మీదకెక్కించింది.

చర్చి వెనక హాల్లో ఒక తెల్ల దుప్పటి బిగించి కట్టారు. నేను లోపలికి వచ్చేసరికి దాని మీద మనిషెత్తు అక్షరాలు వెలుగుతున్నాయి. నేను మూడు చలికాలాలు బడికి పోయాను. మా కాలంలో మా నల్లవాళ్ళ పిల్లలకు బడి చలికాలంలోనే, అదీ చేలో పని లేని రోజుల్లోనే. అయినా పెద్ద అక్షరాలైతే కూడబలుక్కోగలను. కూటా అని ఉంది.

బుట్టపేరు అంటే బిడ్డను వడ్లు చెరిగే బుట్టలో పడుకోబెట్టి ఇంటివాళ్ళు పెట్టుకునే పేరు. చర్చి పుస్తకంలో, కోర్టు కాయితంలో ఉండేది వేరే పేరు. అది బయటివాళ్ళ కోసం. బుట్టపేరు ఇంటివాళ్ళ నోళ్ళలోనే ఉండాలి. "కాయితం పేరు తెలిసినవాడు నిన్ను వెతుకుతాడు. బుట్టపేరు తెలిసినవాడు పిలిస్తే నువ్వే వెళ్తావు" అనేది మా అమ్మ. మా నాన్న కాయితం పేరు ప్రైమస్ మంగిన్. మెడ పొట్టి, నడక నెమ్మది అని వాళ్ళ నాయనమ్మ కూటా అంది. మా దీవి మాటలో కూటా అంటే తాబేలు. నా కాయితం పేరు టోబియస్. నా బుట్టపేరు ఇక్కడ రాయను.

"అది తీసెయ్యి" అన్నాను డెల్ఫీన్‌తో. ఆ పిల్ల పేరు డెల్ఫీన్.

"ఏది తాతా?"

"ఆ పేరు."

"అది సినిమా పేరు. తీసేస్తే ఇంకేముంది?"

"ఇంకేముంటుందో నేనడగలేదు."

ఆ పిల్ల చేతిలోని కరెంటు తీగను కింద పడేసింది. అట్లాంటాలో ఉంటుంది. ముప్పై నాలుగేళ్ళు. మా అక్క రైనా లాగే కోపం వస్తే ముక్కుపుటాలు అదురుతాయి. "మూడు రోజులు తాతా. మూడు రోజులు మీ పెరట్లో దోమలకు రక్తం ధారపోస్తూ కూర్చున్నాను. 'మీ నాన్న గురించి ఒక్క మాట చెప్పు' అని కాళ్ళా వేళ్ళా పడ్డాను. నువ్వు వల అల్లుకుంటూ కూర్చున్నావు. ఆ పేరైనా ఒక్కసారి నీ నోటితో పలకమంటే అదీ పలకలేదు. ఇప్పుడొచ్చి తీసెయ్యమంటున్నావా?"

ఆమె చెప్పింది నిజమే. నేను విసురువలలు అల్లి బతికినవాణ్ణి. చెక్కసూది ఆడుతున్నంతసేపు మనిషి మాట్లాడకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. అందుకే ఆ మూడు రోజుల్లో ఎవరికీ అక్కర్లేని వల ఒకటి అల్లేశాను.

"మా నానమ్మ చెప్పింది. చనిపోయే ముందు టేపులో చెప్పింది. నాకది చాలు" అంది డెల్ఫీన్.

రైనా ఏం చెప్పి ఉంటుందో నాకు తెలుసు. దీవిలో అందరికీ తెలిసిన కథే అది. డెబ్బై ఏళ్ళ కిందట మా నాన్న రేవు స్థలాన్ని తెల్లవాళ్ళ వేట క్లబ్బుకు ఇవ్వనన్నాడు. వాళ్ళు కంచె వేస్తే పీకేశాడు. కావలివాడు మీదకొస్తే గడకర్రతో భుజం విరగ్గొట్టాడు. తర్వాత చిత్తడిలోకి పారిపోయి, తుంగ మధ్య ఒక దిబ్బ మీద తొమ్మిది రోజులు దాక్కున్నాడు. పదో రోజు పొద్దున మంచులో ఒక పడవ వచ్చింది. పడవలోంచి ఎవరో ఆయన్ను బుట్టపేరుతో పిలిచారు. ఆయన బయటకు వచ్చాడు. కాల్చేశారు. నీళ్ళలో మునిగి పోయాడని కాయితంలో రాసుకున్నారు.

ఆ పడవకు గడ వేసింది మా అమ్మ తమ్ముడు రెంటీ మామ. క్లబ్బులో పడవ పని చేసేవాడు. ఇంటివాళ్ళకు తప్ప తెలియని పేరు తెల్లవాళ్ళ నోట్లోకి ఎలా వచ్చింది? ఎవరు చెప్పి ఉంటారు? ఇంకెవరు, రెంటీయే అన్నారు. వారం తిరక్కుండా రెంటీ మామ కూతురిని తీసుకుని సవానా పట్నానికి పోయాడు. అక్కడే ఓడరేవులో మూటలు మోసి మోసి చచ్చిపోయాడు. దీవిలో పిల్లలు కొట్టుకుంటే ఇప్పటికీ "ఒరే రెంటీ" అని తిట్టుకుంటారు. తిట్టేవాడికి అర్థం తెలియదు.

రెంటీ చెప్పలేదు. ఆ సంగతి తెలిసి బతికున్నవాణ్ణి నేనొక్కణ్ణేనని చాలాకాలం అనుకున్నాను.

జనం వచ్చేశారు. ఆదివారం మధ్యాహ్నం. చీకటి కోసం కిటికీలకు బొంతలు కట్టారు. వెనక బల్ల మీద ఎర్రన్నం గిన్నెలు, వేయించిన చేపలు, వాటి మీద గుడ్డలు. ముందు సినిమా, తర్వాత తిండి అంది డెల్ఫీన్. అది కొందరికి నచ్చలేదు.

అందరికంటే ఆఖరున లెవీనియా వచ్చింది. రెంటీ మామ కూతురు. ఎనభై ఏళ్ళు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. అక్కా అనాలి. అని చాలా ఏళ్ళయింది. మొగుడు పోయాక సవానా నుంచి తిరిగొచ్చి, తల్లి ఇంటి స్థలంలో ఒక రేకుల ఇల్లు వేసుకుని ఒంటరిగా ఉంటోంది. ఆమె కుర్చీలో కూర్చుంటే పక్క కుర్చీ ఖాళీ అవుతుంది. ఆ రోజూ అయింది.

లెవీనియాకు కావలసింది ఒక్కటే. సవానాలో ఊరూ పేరూ లేనివాళ్ళ మధ్య ఉన్న తండ్రి ఎముకలను దీవికి తెచ్చి, మా స్మశానంలో పెట్టుకోవాలి. మా దీవిలో ఎవరిని ఎక్కడ పూడ్చాలో సమాధి సంఘం చెబుతుంది. ముప్పై ఏళ్ళుగా ఆ సంఘానికి పెద్దను నేను. రెండుసార్లు వచ్చి అడిగింది. రెండుసార్లూ నేను తల అడ్డంగా ఊపాను. మిగతావాళ్ళు నన్ను చూసి ఊపారు. మూడోసారి అడగలేదు.

గుమ్మం దగ్గర నా ముందు ఆగింది. చేతికర్ర నా బూటు మీద ఆనించింది. పొరపాటున కాదు.

"ఏరా టోబీ, సినిమాలో మా నాన్న కూడా ఉన్నాడటగా?"

నేను బూటు వెనక్కి లాక్కోబోయాను.

"లావుగా ఉన్నవాణ్ణి పెట్టారట. మా నాన్న ఎముకల గూడు. కడుపు నిండా తిన్న రోజు లేదు. సినిమావాళ్ళు పుణ్యాత్ములు, కడుపు నింపారు." కర్ర ఇంకొంచెం నొక్కింది. "ఇవాళైనా నోరు తెరుస్తావా, లేకపోతే అది కూడా నీతోపాటు పూడ్చుకుంటావా?"

అప్పుడు తెలిసింది ఆమెకు తెలుసని. తండ్రి చెప్పే ఉంటాడు. ముప్పై ఏళ్ళుగా ఈ ఇంటికీ ఆ ఇంటికీ మధ్య దారి మీద ఎదురుపడుతూ, చర్చిలో నా వెనక బల్ల మీద కూర్చుంటూ, తెలిసీ ఊరుకుంది. నేనే చెప్పాలని చూసింది. దానికంటే పగ ఇంకేముంటుంది?

సినిమా మొదలైంది.

మొదట జనం నవ్వారు. మా నాన్న వేషం వేసినవాడు తాటిచెట్టంత ఉన్నాడు. "ప్రైమస్ అంత పొడుగైతే తుంగలో ఎలా దాక్కున్నాడే, తల నరుక్కుని చంకలో పెట్టుకున్నాడా?" అన్నాడు ముందు వరసలోంచి హోసియా. హోసియా నాకంటే రెండేళ్ళు చిన్న, రొయ్యల పడవ నడిపాడు, నోరు ఆగదు. మా అమ్మ వేషం వేసిన పిల్ల వడ్లు దంచుతుంటే ఆడవాళ్ళు చేతులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రోకలి ఒకచోట, రోలు ఒకచోట. "ఆ ఎర్రరంగు గోళ్ళు చూడు, సిబ్బీకి ఆ గోళ్ళుంటే అన్నంలోకి పచ్చడి అక్కర్లేదు." సిబ్బీ మా అమ్మ పేరు. చిత్తడి పచ్చగా ఉంది. మా నాన్న పోయింది నవంబరులో. అప్పుడు తుంగ కుక్కతోకలా గోధుమరంగులో ఉంటుంది. డెల్ఫీన్ చీకట్లో సినిమా మిషను పక్కన నిలబడి ప్రతి నవ్వునూ లెక్క పెట్టుకుంటున్నట్టుంది.

తర్వాత రెంటీ వచ్చాడు. నిజంగానే లావుపాటివాడు. పళ్ళ మధ్య పుల్ల. దుకాణం అరుగు మీద ఒక తెల్లవాడు సారా సీసా అందించాడు. ఈ రెంటీ అటూ ఇటూ చూసి, వాడి చెవి దగ్గర వంగి, "కూటా" అన్నాడు. అని సీసా ఎత్తాడు.

హాల్లో నవ్వులు ఆగిపోయాయి. ఎవరో ఉమ్మేసినట్టు శబ్దం చేశారు. పిల్లలు ఆ లావుపాటివాణ్ణి చూస్తున్నారు. ఇక వాళ్ళకు రెంటీ అంటే వాడే. వాళ్ళ పిల్లలకూ వాడే. తిట్టుకు ఒక ముఖం దొరికింది.

నేను లెవీనియా వైపు చూడలేదు. ఆమె కర్ర నేల మీద టక్ టక్ మంటోంది.

ఆ తర్వాత మంచు. సినిమా మంచు పొయ్యి పొగలా ఉంది. పడవ వచ్చింది. ముందు నిలబడినవాడు రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని పిలిచాడు.

"కూటా! ఓ కూటా!"

గొంతు బాగుంది. పేరు చక్కగా పలికాడు. మా ఇంట్లో పలికినట్టే పలికాడు.

వాళ్ళు అలా పిలవలేదు.

ఇది రాయడానికి నాకు కష్టంగా ఉంది, అయినా రాస్తాను. అప్పుడు నాకు ఆరేళ్ళు. నాన్న దాక్కుని అది తొమ్మిదో రోజు. రేవు దగ్గర క్లబ్బువాడొకడు మెట్టు మీద కూర్చుని వేటకుక్క చెవులు నిమురుతున్నాడు. గోధుమరంగు కుక్క. అలాంటి నున్నటి కుక్కను నేనెప్పుడూ చూడలేదు. దగ్గరకు పోయాను. ముట్టుకోనిచ్చాడు. మంచిగా మాట్లాడాడు. "దీన్ని అందరిముందూ రెడ్ అంటాను. అసలు పేరు వేరే ఉంది. ఎవరికీ చెప్పను. నీకు చెప్పనా?" అన్నాడు. చెప్పమన్నాను. వంగి నా చెవిలో చెప్పాడు. డచెస్. "ఇప్పుడు నువ్వొకటి చెప్పాలి కదా. మీ ఇంట్లో మీ నాన్నను ఏమంటారు?"

కుక్క పేరుకు మా నాన్న పేరు ఇచ్చాను.

ఆ నెలలో నా ముందు పళ్ళు నాలుగూ ఊడిపోయాయి. ట అనబోతే నాలుక సందులోంచి బయటికొచ్చేది. త అయ్యేది. రైనా రోజంతా వెక్కిరించేది. నేను వాడితో చెప్పింది కూతా అని. వాడు రెండుసార్లు అని చూసుకున్నాడు. "కూతా. కూతా. బాగుంది."

మర్నాడు పొద్దున అమ్మ రొట్టె మూట పట్టుకుని గట్టు మీద నిలబడింది. నేను పక్కనే ఉన్నాను. ముందు చెయ్యి కనపడని మంచు. నీటి మీద గడ వేస్తున్న చప్పుడు. తర్వాత ఒక మగ గొంతు.

"కూతా! కూతా!"

అమ్మ చెయ్యి నా మణికట్టును పట్టుకుంది. నన్ను చూడలేదు. గట్టిగా పట్టుకుంది, అంతే.

ఆ పేరును అలా పలికేవాడు లోకంలో ఒక్కడే అని నాన్నకు తెలుసు. మంచులో పడవ ఆయనకూ కనపడదు. నేను వాళ్ళ పడవలో ఉన్నాననుకున్నాడు. తుంగ చీల్చుకుని వస్తున్న చప్పుడు వినపడింది. తర్వాత ఆయన గొంతు: "పిల్లాణ్ణి దించెయ్యండి. వస్తున్నా. వాణ్ణి దించెయ్యండి."

రెండు తూటాలు.

పడవలో గడ పట్టుకుని రెంటీ మామ ఇదంతా విన్నాడు. ఆ సాయంత్రం మా వాకిట్లో జనం ఆయన చుట్టూ మూగి పేరు ఎవరు చెప్పారని అడిగారు. ఆయన గుమ్మంలో ఉన్న నన్ను చూశాడు. అమ్మను చూశాడు. అమ్మ తల దించుకుంది. సొంత తమ్ముడు. ఆయన నోరు మూసుకున్నాడు. ఆ రోజునుంచి మా ఇంట్లో రెంటీ మామ పేరు కూడా ఎవరూ ఎత్తలేదు. అమ్మ చచ్చిపోయేదాకా నాతో ఆ మాట అనలేదు. నన్ను కొట్టలేదు. ముద్దు కూడా పెట్టుకోలేదు.

దుప్పటి మీద ఆ పొడుగాటివాడు చేతులు చాపుకుని వెల్లకిలా పడ్డాడు. సంగీతం పెరిగింది. ఆడవాళ్ళు ఏడుస్తున్నారు.

లెవీనియా నవ్వింది.

చిన్న నవ్వు కాదు. కర్ర నేలకేసి కొట్టి, తల వెనక్కి వేసి నవ్వింది. మిషను ఆపేశారు. ఎవరో ఒక బొంత లాగారు. వెలుతురు పడింది.

"సిగ్గుందా నీకు?" అన్నాడు హోసియా లేచి. "మనిషి చచ్చిపోతుంటే నవ్వుతావా? ఎంతైనా రెంటీ కూతురివే."

"రెంటీ కూతురినే. నువ్వెవరి కొడుకువో మీ అమ్మను అడిగి రా, పో."

"నోరు జాగ్రత్త!"

"ఎనభై ఏళ్ళు జాగ్రత్తగానే ఉంచాను నాయనా. పళ్ళు అరిగిపోయాయి."

"సిస్టర్ లెవీనియా, ఇది దేవుడి స్థలం" అన్నాడు పాస్టర్.

"అయితే ఆ సీసా ఎవరిది పాస్టర్ గారూ? మా నాన్న జన్మలో సారా ముట్టలేదు. దేవుడి స్థలంలోకి ఆ సీసా తెచ్చిందెవరు?"

డెల్ఫీన్ ముందుకొచ్చింది. కళ్ళు తడిగా ఉన్నాయి, గొంతులో మాత్రం తడి లేదు. "మీ నాన్న గురించి మీకు బాధగానే ఉంటుంది. కానీ మా నానమ్మ అప్పుడు ఇక్కడే ఉంది. ఆమె చెప్పింది. మీకు నచ్చకపోతే చూడనక్కర్లేదు. తలుపు అక్కడుంది."

"పొమ్మను!" అన్నారు ఇద్దరు ముగ్గురు. "అన్నం తినకుండా పొమ్మను!" అంది వెనకనుంచి ఒకామె.

లెవీనియా కుర్చీ పట్టుకుని లేచింది. లేవడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ చెయ్యి ఇవ్వలేదు. కుర్చీల మధ్య నుంచి, ఎవరినీ చూడకుండా, నా ముందు నుంచి నడిచింది. నన్ను కూడా చూడలేదు. గుమ్మం దగ్గర చూసిన చూపే ఆఖరిది. ఇక నన్ను అడగదు. ఆమె వెళ్ళిపోతే ఆ లావుపాటివాడు రెంటీ అయిపోతాడు. ఆమె పోయాక కాదని చెప్పేవాడు ఉండడు. నేను క్షేమం.

ఆ మాట నాకు బాగా వినపడింది. క్షేమం.

"కూర్చో అక్కా" అన్నాను.

హాలంతా నా వైపు తిరిగింది. సంఘంలో కూడా నేను తల ఊపడమే తప్ప మాట్లాడను.

ఆమె ఆగింది. కూర్చోలేదు.

"వెనక్కి తిప్పు" అన్నాను డెల్ఫీన్‌తో.

"ఏంటి?"

"పిలిచే చోటికి."

మళ్ళీ మంచు. మళ్ళీ పడవ. కూటా, ఓ కూటా.

"ఆపు. అలా పిలవలేదు."

డెల్ఫీన్ నన్ను అసహ్యంగా చూసింది. "ఓహో. ఇప్పుడు మాట వచ్చిందా? మూడు రోజులు కూర్చుంటే రాలేదు. అంతా అయిపోయాక, అందరిముందూ, నా సినిమాలో తప్పులు పట్టడానికి వచ్చిందా? సరే, ఎలా పిలిచారో చెప్పు. యాస తప్పిందా? గొంతు తప్పిందా? రోకలి తప్పు, గడ తప్పు, గడ్డి రంగు తప్పు, చెప్పు!"

నేను జేబురుమాలు తీశాను. నాకు పెట్టుడు పళ్ళు. తొమ్మిదేళ్ళ కిందట పెట్టించుకున్నాను. పైవి తీశాను, కిందవి తీశాను, రుమాల్లో పెట్టాను. వెనకనుంచి పిల్లలు కిసుక్కున నవ్వారు. "చేపలు ఇంకా పెట్టలేదు మావా, అప్పుడే విప్పేశావేం?" అన్నాడు హోసియా.

"కూతా" అన్నాను.

డెబ్బై ఏళ్ళ తర్వాత. సరిగ్గా అలాగే వచ్చింది.

"కూతా, కూతా అని పిలిచారు."

నవ్వు నెమ్మదిగా ఆగింది. ముందు ముసలివాళ్ళు ఆగారు. రైనా నన్ను వెక్కిరించడం విన్నవాళ్ళు అక్కడ ఇద్దరు ముగ్గురున్నారు. హోసియా అక్క ఒకతి నోటి మీద చెయ్యి వేసుకుంది. "దేవుడా, వీడి పళ్ళు" అంది.

"రెంటీ చెప్పి ఉంటే సరిగ్గా చెప్పేవాడు. రెంటీ నోట్లో పళ్ళన్నీ ఉన్నాయి" అన్నాను. "చెప్పింది నేను. నాన్న నన్ను పడవలో పెట్టుకొచ్చారనుకున్నాడు. అందుకే వచ్చాడు. రెంటీ మామకు తెలుసు. అమ్మకు తెలుసు."

అంతకంటే చెప్పలేదు. కుక్క సంగతి అక్కడ చెప్పలేదు. ఇక్కడే చెప్పాను.

పాస్టర్ ముందు తేరుకున్నాడు. "ఆరేళ్ళ బిడ్డ బ్రదర్ టోబియస్. ఆరేళ్ళ బిడ్డది తప్పెలా అవుతుంది?"

"ఆరేళ్ళవాడిది కాదు. ఇరవై ఏళ్ళవాడిది. నలభై ఏళ్ళవాడిది. సంఘంలో కూర్చుని రెండుసార్లు తల ఊపినవాడిది."

హోసియా నా వైపు చూడకుండా అన్నాడు: "మా చేత ఊపించావు కదరా. మమ్మల్ని కూడా ముంచావు."

"ఊపమని చెప్పలేదు. మీరే ఊపారు."

"మహా మాటకారివయ్యావే!" అని టోపీ తీసుకుని బయటికి పోయాడు. అతని వెనక ఇంకొందరు. ఎర్రన్నం గుడ్డ తియ్యకుండానే చల్లారింది.

డెల్ఫీన్ కుర్చీలో కూలబడి ఉంది. తర్వాత హఠాత్తుగా లేచింది. "తాతా, కదలకు. కెమెరా కార్లో ఉంది. ఆ మాట ఇంకొక్కసారి చెప్పు. పళ్ళు తియ్యడం దగ్గర్నుంచి. ఇది... ఇది మొత్తం మారిపోతుంది. సినిమా మొత్తం."

"ఒకసారి చెప్పాను" అని పళ్ళు పెట్టుకున్నాను.

"నీకు నిజం అక్కర్లేదా?"

"నీకు కావలసింది నిజం కాదు. నా నోరు."

ఆ పిల్ల ముఖం మా అక్క ముఖమే అయింది. "మీ తరం అంతా ఇంతే. మింగడం, చావడం. మేం తవ్వుకోవాలి" అంది. ఇంకా ఏదో అంది. రాసేంత మంచి మాట కాదు. నేనూ అలాంటిదే ఒకటి అన్నాను.

లెవీనియా ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది. నేను దగ్గరికి పోయాను. క్షమించమని అడగాలని నోరు తెరిచాను.

"వద్దు" అంది. "నీ ఏడుపు నాకొద్దు. పార పట్టుకో."

మర్నాడు సంఘం కూడింది. నేను తల నిలువుగా ఊపాను. ఈసారి మిగతావాళ్ళు నన్ను చూడలేదు. ఎవరి తల వాళ్ళు ఊపారు. ఆ తర్వాత నన్ను పెద్దరికం నుంచి తీసేశారు. హోసియాను పెట్టారు. తప్పనను.

ఎముకలు రావడానికి ఐదు వారాలు పట్టింది. గొయ్యి నేనే తవ్వాను. డెబ్బై ఆరేళ్ళవాడికి రెండు రోజుల పని. ఎవరూ సాయం రాలేదు, నేనూ అడగలేదు. మా నాన్న పక్కన ఉన్న చోటు నాకోసం ఉంచుకున్నది. ముప్పై ఏళ్ళుగా అక్కడ గడ్డి పెరగనివ్వలేదు. అక్కడ తవ్వాను. నన్నెక్కడ పెడతారో ఇప్పుడు హోసియా చెప్పాలి.

చిన్న పెట్టె. చేతుల మీద తేలిపోయింది. జనం వచ్చారు. దూరంగా నిలబడ్డారు. ఒక్కడు కూడా తప్పయిందని ఆమెతో అనలేదు. ఆమె కూడా వినేలా నిలబడలేదు. మా ఆచారం ప్రకారం పోయినవాళ్ళు ఆఖరున వాడిన వస్తువులు మట్టి మీద పెడతారు. లెవీనియా ఒక అంచు విరిగిన టీ గ్లాసు, ఒక ఆగిపోయిన గడియారం పెట్టింది. నేను గడకర్ర ఒకటి తెచ్చాను. ఆమె దాన్ని తీసి పక్కన పారేసింది. నేను తిరిగి పెట్టలేదు.

డెల్ఫీన్ రాలేదు. సినిమాను అప్పటికే బయటి ఊళ్ళలో ఆడించడానికి పంపేసింది. సీసా ఉన్న సినిమానే. మార్చడానికి నెలలు పడుతుందని, చూద్దామని ఉత్తరం రాసింది. ఆ లావుపాటివాడు ఎక్కడెక్కడి హాళ్ళలోనో ఇప్పటికీ వంగి చెవిలో చెబుతూనే ఉన్నాడు. అందుకే నేను ఇది రాస్తున్నాను. నాకు మూడు చలికాలాల చదువే. తప్పులుంటే ఉండనీ.

తలపలక నేనే చెక్కాను. దేవదారు చెక్క. రెంటీ గాడ్సన్ అని చెక్కాను. మా గోరీల మీద కాయితం పేరు కింద బుట్టపేరు చెక్కుతారు. చచ్చాక దాచనక్కర్లేదు. పిలిచినా రారు కదా. దానికోసం కింద జానెడు చోటు వదిలాను. నాకు ఆ పేరు గుర్తులేదు. ఆరేళ్ళప్పుడు రోజూ పిలిచి ఉంటాను. ఆ సాయంత్రం తర్వాత మా ఇంట్లో ఎవరూ పలకలేదు. పోయింది.

పలక, ఉలి పట్టుకుని ఆమె రేకుల ఇంటికి పోయాను. వాకిట్లో బెండకాయలు కోసుకుంటోంది. లోపలికి రమ్మనలేదు.

"ఇక్కడ బుట్టపేరు చెక్కాలి. మామను ఏమని పిలిచేవాళ్ళు?" అని అడిగాను.

ఆమె పలక చూసింది. అక్షరాల మీద వేలితో గీసింది. ఆ పని బాగుందో బాగోలేదో చెప్పలేదు. తర్వాత నన్ను, నా నోటిని చూసింది.

"నీకు చెప్పను" అంది.

పలక నా చేతిలోంచి తీసుకుంది. ఉలి కూడా తీసుకుంది. లోపలికి పోయి తలుపు వేసుకుంది.

నాలుగు రోజుల తర్వాత స్మశానానికి పోతే పలక పాతి ఉంది. కింద జానెడు చోట్లో వంకర అక్షరాలు, లోతుగా. నాకు చదవడం వచ్చు. చదివాను. ఆ పేరు ఏమిటో ఇక్కడ రాయను. నోటితో కూడా పలకలేదు.